మీ ఊరి కబడ్డీ కప్పు, ఆ తర్వాతి ఆర్నెల్లు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో మీ ఊరి జట్టు తొలిసారి ఫస్ట్ ప్రైజ్ తెచ్చింది. పంచాయతీ ఎన్నికలప్పటి నుంచి మాటల్లేని రెండు వర్గాలవాళ్ళు ఆ రాత్రి ఒకే ట్రాక్టరు వెనక డప్పులకు ఎగిరారు. జట్టులో సగం మంది ఊళ్ళో కుర్రాళ్ళు, సగం మంది కాలనీ కుర్రాళ్ళు. ఈ కలయిక నిలుస్తుందా, నాలుగు రోజుల ముచ్చటేనా? నిలవాలంటే ఏం చెయ్యాలి? ఆడపిల్లలు కూడా జట్టు పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసంతా పల్లెల్లోనే గడిచింది. కప్పు వచ్చాక కలిసిన ఊళ్ళను చూశాను, అదే కప్పు దగ్గర తన్నుకున్న ఊళ్ళనూ చూశాను. కాబట్టి మీ ప్రశ్న నాకు చాలా దగ్గరిది. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. గెలుపు వల్ల మనసులు కదులుతాయన్నది నిజం. ఆ కదలిక ఎక్కువ కాలం ఉండదన్నదీ నిజమే. అది ఉన్నన్నాళ్ళలో మీరు జట్టు చుట్టూ ఏ అలవాట్లు పెడతారో వాటిని బట్టే తర్వాతి సంగతి. అందుకే మీకు ముఖ్యమైనది గెలిచిన రాత్రి కంటే ఆ తర్వాతి ఆర్నెల్లు.

మనసులు కదులుతాయని నేను ఊరికే అనడం లేదు. ఆఫ్రికా దేశాల్లో జాతీయ ఫుట్‌బాల్ జట్లు ఆడిన మ్యాచ్‌లను, అదే రోజుల్లో అక్కడ జరిగిన పెద్ద సర్వేలను పక్కపక్కన పెట్టి కొందరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. 2020లో అది అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. తమ దేశం గెలవడానికి ముందు రోజుల్లో ప్రశ్నలడిగినవాళ్ళతో పోలిస్తే, గెలిచిన వెంటనే అడిగినవాళ్ళలో 'నాకు దేశం కంటే నా తెగే ముఖ్యం' అని చెప్పేవాళ్ళు 37 శాతం తగ్గారు. ఇతర తెగలవాళ్ళ మీద నమ్మకం కూడా పెరిగింది. అంటే మీ ఊళ్ళో ఆ రాత్రి మీరు చూసింది తాగిన ఊపో, డప్పుల ఊపో మాత్రమే కాదు. గెలుపులో నిజంగానే ఆ శక్తి ఉంది.

ఇంకో ఉదాహరణ ఇరాక్. 2007లో ఆ దేశం షియా, సున్నీ గొడవలతో రక్తసిక్తమై ఉంది. సొంత దేశంలో ఆడే పరిస్థితే లేని జట్టు ఆసియా కప్‌కు వెళ్ళింది. అందులో షియాలు, సున్నీలు, కుర్దులు అందరూ ఉన్నారు. సెమీఫైనల్లో దక్షిణ కొరియాను పెనాల్టీల్లో ఓడించిన రోజు బాగ్దాద్‌లో వీధుల్లోకి వచ్చి సంబరాలు చేసుకుంటున్న జనం మధ్య బాంబులు పేలాయి. యాభై మంది వరకు చనిపోయారు. అయినా జట్టు వెనక్కి తగ్గలేదు. జులై 29న జకార్తాలో సౌదీ అరేబియా మీద ఒకే ఒక్క గోల్‌తో గెలిచింది. కుర్దు ఆటగాడు హవార్ ముల్లా మహమ్మద్ కార్నర్ కొట్టాడు, కెప్టెన్ యూనిస్ మహమూద్ తలతో గోల్‌లోకి పంపాడు. ఆ రోజు ఇరాక్‌లో ఎవరూ అవతలివాడి మతం అడగకుండా వీధుల్లో కలిసి ఎగిరారు. ఆ గెలుపుతో యుద్ధం ఆగలేదు. కానీ మనం ఒకే దేశం వాళ్ళం అని చెప్పుకోవడానికి వాళ్ళకు గట్టి ఆధారం ఒకటి దొరికింది. తక్కువ సంగతేం కాదది.

ఇక రెండోవైపు. 1998లో ఫ్రాన్స్ సొంతగడ్డ మీద ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిచింది. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసిన జట్టది. ఫైనల్లో రెండు గోల్స్ కొట్టిన జిదాన్ తల్లిదండ్రులు అల్జీరియా నుంచి వచ్చినవాళ్ళు. దేశం మారిపోయిందని పత్రికలు రాశాయి. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2002 ఏప్రిల్‌లో, వలసలను వ్యతిరేకించే లె పెన్ అధ్యక్ష ఎన్నికల్లో రెండో రౌండ్‌కు చేరాడు. ఐవరీ కోస్ట్‌దీ అలాంటి కథే. దేశం ఉత్తర, దక్షిణాలుగా చీలి ఉన్న 2005 అక్టోబరులో వాళ్ళ జట్టు మొట్టమొదటిసారి ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. వాళ్ళ స్టార్ ఆటగాడు డ్రోగ్బా, మిగతా ఆటగాళ్ళు డ్రెస్సింగ్ రూమ్‌లోనే కెమెరా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయుధాలు దించమని వేడుకున్నారు. 2007 జూన్‌లో తిరుగుబాటుదారుల కేంద్రమైన బువాకే నగరంలో జాతీయ జట్టు మడగాస్కర్‌తో ఆడి 5–0తో గెలిచింది. అంతకు ముందు మార్చిలోనే శాంతి ఒప్పందం కుదిరింది. ఇంత జరిగాక కూడా 2010 చివర్లో ఎన్నికల ఫలితం దగ్గర మళ్ళీ యుద్ధం వచ్చి సుమారు మూడు వేల మంది ప్రాణాలు పోయాయి. భూమి, ఓటు, పదవి పంచుకునే దగ్గర గొడవ అలాగే ఉంటే ఏ కప్పూ దాన్ని మాయం చెయ్యలేదు. మీ ఊళ్ళోనూ అంతే. పంచాయతీ కక్షల బరువంతా ఈ కుర్రాళ్ళ భుజాల మీద పెట్టకండి, అది వాళ్ళకు అన్యాయం.

మరి ఏది నిలుస్తుంది? ఒకే జట్టులో ఆడినవాళ్ళ మధ్య స్నేహం నిలుస్తుంది. ఇది నేను కళ్ళారా చూసిన విషయం. ఈమధ్య దీన్ని పరీక్షించి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో వేర్వేరు కులాల యువకులు 1,261 మందిని తీసుకుని క్రికెట్ లీగ్‌లు పెట్టించాడు. వాళ్ళలో ఎవరు ఆడాలో, ఎవరు ఏ జట్టులో పడాలో లాటరీయే తేల్చింది. కొన్ని జట్లలో అంతా ఒకే కులం, కొన్నింట్లో కలగలుపు. ఎదురు జట్టు ఎవరన్నదీ లాటరీయే. లీగ్ అయిపోయాక చూస్తే, కలగలుపు జట్లలో ఆడినవాళ్ళకు వేరే కులం స్నేహితులు పెరిగారు, ఆటలో బహుమతులు ఎవరికివ్వాలన్న దగ్గర సొంత కులంవాడికే ఓటెయ్యాలన్న పట్టుదల తగ్గింది. అదే వేరే కులంవాళ్ళను ఎదుటి జట్టుగా మాత్రమే చూసినవాళ్ళలో దూరం తగ్గకపోగా, చాలా విషయాల్లో పెరిగింది.

దీన్ని మీ ఊరికి అన్వయించుకోండి. 'ఊరు వర్సెస్ కాలనీ', 'పైవీధి వర్సెస్ కిందివీధి' అని ఫ్రెండ్లీ మ్యాచ్‌లు పెడితే ఐకమత్యం పెరుగుతుందని చాలామంది పెద్దలు నమ్ముతారు. ఎంత మంచి మనసుతో పెట్టినా నేను చూసినవాటిలో ఎక్కువ భాగం గొడవలతోనే ముగిశాయి. రిఫరీ విజిల్ ఒక్కటి అటూ ఇటూ అయితే చాలు, పాత లెక్కలన్నీ పైకొస్తాయి. దయచేసి అలాంటి మ్యాచ్ పెట్టకండి. దసరా సెలవుల్లోనో, వేసవిలోనో ఊరి లీగ్ పెట్టాలనుకుంటే చీటీలు వెయ్యండి. కూతకు వెళ్ళే రైడర్ల పేర్లు ఒక డబ్బాలో, డిఫెన్స్‌లో రెండు చివర్లా నిలబడే కార్నర్లవి ఒక డబ్బాలో, మిగతావాళ్ళవి ఇంకో డబ్బాలో వేసి చిన్నపిల్లల చేత తీయించండి. జట్లకు హీరోల పేర్లు, నాయకుల పేర్లు పెట్టకండి. మీ ఊరి చెరువు పేరో, గుట్ట పేరో పెట్టండి. అన్ని ఇళ్ళవాళ్ళ పిల్లలూ అన్ని జట్లలో ఉంటే చూడ్డానికి వచ్చే జనం కూడా విడిపోయి కూర్చోరు.

కబడ్డీ ఈ పనికి ఎంత బాగా సరిపోతుందో మీకు ఒక చిన్న విషయం చెప్తాను. డిఫెన్స్‌లో కార్నర్, వాడి పక్కనున్న ఇన్ కుర్రాడు చేతులు కలిపి చైన్ కడతారు. నేను ట్రైనింగ్ ఇచ్చిన ఒక జట్టులో ఎడమ కార్నర్ కాలనీ అబ్బాయి, వాడి పక్కన ఆడేవాడు పెద్దింటి అబ్బాయి. మొదట్లో ఆ ఇద్దరూ వేళ్ళ కొసలు మాత్రమే తాకించి నిలబడేవాళ్ళు. గట్టిగా పట్టుకోండ్రా అంటే ఆ క్షణానికి పట్టుకునేవాళ్ళు, రైడర్ గీత దాటి రాగానే వదిలేసేవాళ్ళు. ప్రతి రైడరూ ఆ సందులోంచే పోయేవాడు. దాని గురించి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ సందులోంచి పాయింటు పోయిన ప్రతిసారీ ఇద్దరి చేతా కలిపి గ్రౌండ్ చుట్టూ పరుగు పెట్టించాను, చెయ్యి వదిలితే రౌండు మళ్ళీ మొదటి నుంచి. కొన్నాళ్ళకు మణికట్టు దగ్గర పట్టుకోవడం వచ్చింది. ఆ తర్వాత, రైడర్ కాలు ఎటు పడుతుందో కార్నర్ చూస్తుంటే, వాడి చేతి బిగువును బట్టి పక్కవాడు కదలడం నేర్చుకున్నాడు. కళ్ళతో చూసుకునే పని కూడా లేకపోయింది. మనిషిని తాకడానికి వెనకాడిన చోట మనిషి చేతిని బట్టి కదిలే స్థితి వచ్చిందంటే, అంతకు మించి నేనేం కోరను.

ఈ ఆటలో రివైవల్ అని ఉంది కదా. మనం ఎదుటివాణ్ణి ఔట్ చేస్తే, మనలో ఔటై బయట కూర్చున్నవాడు లోపలికి వస్తాడు. అవతలి వీధివాడు పాయింటు తెస్తే ఇవతలి వీధివాడికి మళ్ళీ ఆడే అవకాశం దొరుకుతుంది. పిల్లలకు కులం గురించి నీతులు చెప్పక్కర్లేదు. ఈ నియమం ఉన్న ఆట రోజూ ఆడితే చాలు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన తెలుగు నేల మీద ఇంత పెద్ద ఉదాహరణ ఇంకోటి నాకు కనపడదు, పైగా ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం పాలన పోయింది. నగరంలో హిందువులకూ ముస్లింలకూ మధ్య భయం, అనుమానం పేరుకుపోయిన కాలమది. సరిగ్గా రెండేళ్ళకు, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తెచ్చింది. ఆ ఏడాది నుంచే బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు, నగరంలోని స్కూళ్ళలో పాఠాలు చెప్పినవాడు. తర్వాత దేశానికే కోచ్ అయ్యాడు.

ఆ కాలం ఆటగాళ్ళ పేర్లు చూడండి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, ఆంథోనీ పాట్రిక్, కన్నన్, తులసీదాస్ బలరాం. బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. పాతబస్తీ ముస్లిం అబ్బాయి, కంటోన్మెంటు వైపు తమిళ అబ్బాయి, క్రైస్తవ అబ్బాయి, వీళ్ళంతా ఒకే నగరం మైదానాల్లో, ఒకే మాస్టారి కళ్ళ ముందు పెరిగారు. కుడికాలితో మాత్రమే ఆడేవాళ్ళ చేత ఎడమకాలితో ఆడించడానికి రహీం ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. బంతిని తనే పట్టుకుపోకుండా పాస్ ఇవ్వడం అలవాటు కావాలని డ్రిబ్లింగ్ లేని పోటీలు కూడా పెట్టేవాడు. పాస్ ఇస్తేనే ఆట సాగుతుంది అన్నచోట పక్కవాడు ఎవడైతేనేం?

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఆ ఎత్తుకు మళ్ళీ చేరలేదు. 1956–57లో, ఆ మరుసటి ఏడాది కూడా, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఆరోగ్యం బాగా దెబ్బతింది. స్టేడియం నిండా భారత్‌ను వ్యతిరేకించే జనం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. అంత వ్యతిరేకత మధ్య మనవాళ్ళ కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళని ఆనాటి ఆటగాళ్ళు చెప్పేవారు. ఇది చదివినప్పుడల్లా నా గుండె నిండిపోతుంది. తర్వాతి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశారు.

ఆ గెలుపులు 1948 గాయాలన్నీ మాన్పాయని నేను అనను. కానీ నగరానికి అందరూ 'మనది' అని చెప్పుకునేది ఒకటి దొరికింది. అది అన్నేళ్ళు ఎందుకు నిలిచిందో గమనించండి. పోలీసు శాఖలో ఉద్యోగం ఉంది కాబట్టి పేద కుర్రాడు ఆట మానాల్సిన పని లేదు. స్కూళ్ళ జట్లు ఉన్నాయి. నడిచి వెళ్ళగలిగే దూరంలో మైదానాలు ఉన్నాయి. వేరువేరు పేటల పిల్లలు సాయంత్రానికి అక్కడికే చేరేవాళ్ళు. రహీం తర్వాత ఆ స్థాయి కోచ్ లేడు, మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు వెళ్ళిపోయారు, మైదానాలు తగ్గిపోయాయి. మొన్నమొన్న 2021–22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచింది. అదేం చిన్న గెలుపు కాదు. అయినా 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోతే నగరంలో పెద్దగా కదలిక లేదు. పేటలతో, స్కూళ్ళతో, గ్రౌండ్లతో ఆ క్లబ్బుకు వేళ్ళు పడలేదు. కప్పు వచ్చింది, అది మాది అనుకునే జనం తయారు కాలేదు.

ఇక మీరు ఇప్పుడు చెయ్యాల్సిన పనులు. చిన్నవే, కానీ వాటి దగ్గరే చాలా ఊళ్ళు దెబ్బతింటాయి.

మొట్టమొదట, కప్పు ఎక్కడ ఉంది? సర్పంచ్ గారి హాల్లోనో, స్పాన్సర్ చేసిన పెద్దమనిషి ఇంట్లోనో ఉంటే వెంటనే మర్యాదగా అడిగి తెచ్చేయండి. గుడిలోనూ వద్దు, చర్చిలోనూ వద్దు. బడిలో హెడ్మాస్టర్ గది బయట అద్దాల బీరువాలో పెట్టండి. ఊళ్ళో ప్రతి ఇంటి పిల్లా వచ్చి చూడగలిగే చోటు అదొక్కటే. ఊరేగింపు కాలనీలోకి కూడా వెళ్ళిందా? మీరు రాయలేదు. వెళ్ళకపోయుంటే ఇప్పుడైనా మించిపోలేదు. జట్టు మొత్తం కప్పు తీసుకుని కాలనీలోని ఆటగాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి. అక్కడ టీ ఇస్తే అందరూ తాగండి. ఈ ఒక్క టీ దగ్గర ఎవడు గ్లాసు ముట్టలేదో కాలనీ అంతా చూస్తుంది, ఏళ్ళ తరబడి గుర్తుంచుకుంటుంది. అందుకని బయల్దేరే ముందే మీ కుర్రాళ్ళతో విడిగా మాట్లాడండి. తాగలేననేవాణ్ణి తీసుకెళ్ళకండి, కానీ వాడితో మాట్లాడడం మానకండి.

ఫ్లెక్సీ సంగతి. గెలిచినప్పుడు వేసే ఫ్లెక్సీలో పైన పార్టీ నాయకుల బొమ్మలు గుండ్రంగా, కింద మూలన ఆటగాళ్ళ బొమ్మలు స్టాంపు సైజులో ఉంటాయి. అది కట్టిన రోజే రెండో వర్గం ఈ జట్టు మనది కాదు అనుకుంటుంది. ఫ్లెక్సీ వేస్తే ఆటగాళ్ళవీ, కోచ్‌దీ బొమ్మలే వెయ్యండి. డబ్బిచ్చినవాళ్ళ పేర్లు అక్షర క్రమంలో కింద రాయండి, ఐదొందలు ఇచ్చినా యాభై వేలు ఇచ్చినా అదే సైజు అక్షరాలు. జెర్సీ రంగు ఏ పార్టీ జెండానూ గుర్తు చెయ్యకూడదు. నవ్వులాటగా అనిపిస్తుందేమో గానీ పసుపో, నీలమో, గులాబీయో వేసుకున్నందుకు విడిపోయిన జట్లను నేను చూశాను.

ప్రైజ్ మనీ లెక్క అందరికీ తెలియాలి. ఇద్దరు సంతకం పెడితే గానీ డబ్బు తీయలేని బ్యాంకు ఖాతా తెరవండి. ఆ ఇద్దరూ చెరో వర్గం వాళ్ళయి ఉండాలి. ఖర్చుల లెక్క నెలనెలా బడి నోటీసు బోర్డు మీద అంటించండి. మోకాలి పట్టీలు, బూట్లు, పోటీలకు వెళ్ళే ఆటో ఖర్చు, దెబ్బ తగిలినవాడి స్కానింగు, వీటికి పోగా మిగిలింది పంచుకోవచ్చు. పంచేటప్పుడు బెంచీ మీద కూర్చున్నవాడికీ సమానంగా ఇవ్వండి. గెలుపు పార్టీలో మందు వద్దు. ఈ మాట దగ్గర నేను రాజీ పడను. మైదానంలో కలిసిన చేతులు మందు దగ్గర కాలర్ల మీదికి వెళ్ళడం ఎన్నిసార్లు చూశానో.

ప్రాక్టీస్ తర్వాత కలిసి తినే ఏర్పాటు తప్పక పెట్టండి. ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు చాలు. వంతులవారీగా ఒక్కో రోజు ఒక్కో ఇంటి నుంచి రావాలి, కాలనీ ఇళ్ళు కూడా ఆ వంతులో ఉండాలి. తాగే నీళ్ళకు ఒకే క్యాన్, అవే గ్లాసులు. తల్లులు ఒకరి పిల్లలకు ఒకరు వండి పంపడం మొదలయ్యాక ఊళ్ళో మాటతీరు మారడం నేను గమనించాను. కుర్రాళ్ళ స్నేహం కంటే తల్లుల మధ్య వచ్చే ఈ పరిచయమే ఊరికి ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. బియ్యం చేబదుళ్ళు, ఆస్పత్రికి తోడు వెళ్ళడం, ఫీజుకు తక్కువైతే సర్దడం అక్కడి నుంచే మొదలవుతాయి.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి, ఆశలు ఎక్కువ పెట్టుకుని తర్వాత నీరసపడకుండా. ఐసిస్ ఉగ్రవాదుల దెబ్బకు ఊళ్ళు వదిలి వెళ్ళిన ఇరాకీ క్రైస్తవ యువకుల మధ్య సల్మా మూసా అనే పరిశోధకురాలు ఫుట్‌బాల్ లీగ్‌లు నడిపింది. ఆ ఫలితాలు 2020లో సైన్స్ పత్రికలో వచ్చాయి. కొన్ని జట్లలో ముస్లిం ఆటగాళ్ళను కలిపారు, కొన్ని పూర్తిగా క్రైస్తవ జట్లు. కలిసి ఆడినవాళ్ళు ఆర్నెల్ల తర్వాత కూడా ముస్లింలతో కలిసి ప్రాక్టీస్ చేస్తూనే ఉన్నారు, క్రీడాస్ఫూర్తి అవార్డుకు ముస్లిం ఆటగాళ్ళకు ఓటేశారు. కానీ పరిచయం లేని ముస్లింల దగ్గరికి వెళ్ళడానికి మాత్రం వెనకాడారు. బాగా గెలిచిన జట్లవాళ్ళు మిగతావాళ్ళ కంటే ఎక్కువగా ముస్లింలు ఎక్కువుండే మోసుల్‌లోని హోటల్‌కు వెళ్ళారు. మీకు పనికొచ్చే మాట ఇదే. మీ జట్టులో తొమ్మిది పది మంది మారితే ఊరంతా మారినట్టు కాదు. ఆ మార్పు ఇంకా ఎక్కువ మందికి చేరాలంటే ఆడేవాళ్ళ సంఖ్య పెరగాలి. సీనియర్ జట్టు ఒక్కటే సరిపోదు, జూనియర్లు కావాలి, ఆడపిల్లలు కావాలి. గెలుపు కూడా పనికొస్తుంది, కలిసి గెలిచినవాళ్ళకు బయటకు అడుగెయ్యడానికి ధైర్యం ఎక్కువ.

కెప్టెన్సీ గురించి కూడా ఒక మాట. మీ రాతను బట్టి చూస్తే కాలనీ కుర్రాడే బెస్ట్ రైడర్ అనిపిస్తోంది, కెప్టెన్ మాత్రం వేరే అబ్బాయి. ఆటను బట్టి కెప్టెన్‌ను పెట్టండి. వంతులు వెయ్యకండి, దయ చూపించినట్టు ఇవ్వకండి. దక్షిణాఫ్రికా 1995లో రగ్బీ ప్రపంచ కప్ గెలిచినప్పుడు మండేలా ఆ జట్టు ఆకుపచ్చ జెర్సీ వేసుకుని కప్పు అందించిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఆ జట్టులో తెల్లవాడు కానివాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. నల్లజాతి ఆటగాడు సియా కొలిసి కెప్టెన్‌గా అదే కప్పు ఎత్తడానికి 2019 దాకా పట్టింది. మీ ఊరికి అంత కాలం పట్టాల్సిన అవసరం ఏముంది?

ఆడపిల్లల జట్టు. పెట్టొచ్చా అని అడిగారు, ఈ నెలలోనే పెట్టండి. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు దక్షిణాఫ్రికా మీద క్రికెట్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో కడప జిల్లా ఎర్రమల్లె అనే పల్లె నుంచి వెళ్ళిన శ్రీచరణి ఉంది. ఇప్పుడు మీ ఊళ్ళో ఏ తండ్రినైనా ఒప్పించడానికి ఆ పేరు చాలు. ప్రాక్టీస్ బడి ఆవరణలో, చీకటి పడకముందే ముగించండి. కోచ్‌తో పాటు ఒక టీచరమ్మో, ఎవరైనా తల్లో అక్కడ ఉండాలి. బాత్‌రూమ్ తలుపుకు గడియ ఉందో లేదో మొదటి రోజే చూడండి, చాలామంది పిల్లలు ఆట మానేసేది దాని వల్లే. కోర్టు కొలతలు మారతాయి, ఆడవాళ్ళకు పన్నెండు మీటర్లు, ఎనిమిది మీటర్లు. అండర్‌-14, అండర్‌-17 వయసు పిల్లలుంటే స్కూల్ గేమ్స్ మండల సెలక్షన్లకు పంపాలి. తేదీలు మీ మండలంలోని పీఈటీని అడిగితే చెప్తారు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, బోనఫైడ్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. కాలనీ పిల్లల్లో కొందరికి ఆధార్‌లో తేదీ ఒకటి, బడి రికార్డులో ఇంకోటి ఉంటుంది. అది సరిచేయించడానికే నెల పడుతుంది. ఆ పనికి మీ జట్టులో చదువుకున్న కుర్రాడు ఎవరైనా ఆ తల్లిదండ్రులను వెంటబెట్టుకుని మీ సేవకో, సచివాలయానికో వెళ్ళాలి.